విత్తని పంట

పాఠం ఉద్దేశం: మానవుడు వ్యవసాయం నేర్వక ముందునుంచీ నేల తనంతట తానే ఇచ్చే ఆకులు, చిగుళ్ళు, పూలు, పుట్టగొడుగులు అతనికి ఆహారమయ్యాయి. ఆ ఆహారం విలువను, దానిని సేకరించడంలో పాటించవలసిన జాగ్రత్తలను తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

‘బతికుంటే బలుసాకు తినవచ్చు’ అని తెలుగులో ఒక సామెత ఉంది. బలుసు ముళ్ళుండే చిన్న పొద. దానిని ఎవరూ నాటరు, ఎవరూ నీరు పెట్టరు. గుట్టల మీద, బీడు భూములలో అదే మొలిచి, అదే పెరుగుతుంది. ప్రాణం నిలిస్తే చాలు, ఏ ఆకో అలమో తిని బతకవచ్చునని ఈ సామెతకు అర్థం. కడుపు మాడిన రోజులను చూసినవారు చెప్పిన మాట ఇది.

అటువంటి రోజులు మన దక్షిణ దేశానికి కొత్త కాదు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో, మొదలైన కరువు రెండేళ్ళపాటు మద్రాసు రాజధానిని, మైసూరు సంస్థానాన్ని పీడించింది. 1871 జనాభా లెక్కల నాటికి మైసూరు సంస్థానంలో సుమారు 50 లక్షల మంది ఉండేవారు. పదేళ్ళ తరువాత, 1881లో, ఆ సంఖ్య సుమారు 42 లక్షలకు పడిపోయింది. గాదెలు ఖాళీ అయ్యాయి. పశువులు చచ్చిపోయాయి. అప్పుడు ఎందరో పేదలు ఆకులను, దుంపలను వెతుక్కొని ప్రాణం నిలుపుకొన్నారు. ఏ ఆకు తినదగినదో, ఏది కాదో తెలిసి ఉండటం ఆనాడు బతుకుతెరువుకు సంబంధించిన విద్య.

ఆ విద్య కరువు కాలానికే పరిమితం కాలేదు. మామూలు రోజులలో కూడా అది పల్లెల వంటింటిలో నిలిచి ఉంది. బెంగళూరు నగరానికి దక్షిణాన, హోసూరుకు పోయే రహదారి పక్కన, ఆనేకల్ తాలూకాలో హెబ్బగోడి అనే ఊరు ఉంది. ఈ తాలూకా రాగి పండే నేల. ఇక్కడ కన్నడం, తెలుగు ఇరుగుపొరుగు భాషలు. వానలు పడి రాగి చేలు కలుపుకు వచ్చినప్పుడు ఆడవారు చేతిలో దోకుడుపారతో, నడుముకు కట్టిన ఒడితో చేలోకి దిగేవారు. పీకిన కలుపునంతా గట్టు మీద పారవేయరు. అందులోనుంచి కూరకు పనికివచ్చే ఆకును ఏరి ఒడిలో వేసుకొంటారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆ పూటకు కావలసిన కూర సిద్ధం. చేనికి కలుపు తీసిన కూలి ఒకటి, ఇంటికి కూర మరొకటి.

ఇలా పది రకాల ఆకులు కలిపి వండే కూరను కన్నడంలో ‘బెరకె సొప్పు’ అంటారు. బెరకె అంటే కలగలుపు. ఆకును ఉడికించి, వార్చిన నీటితో కారం నూరి చారు పెడతారు. ఆకును పప్పుతో కలిపి పోపు వేస్తారు. ఆ చారే ‘బస్సారు’. వేడి వేడి రాగి ముద్దకు అది మంచి జోడు. తెలుగు ఇళ్ళలో అవే ఆకులను కందిపప్పుతో ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, సంగటిలోకి వడ్డిస్తారు. పేర్లు వేరు, ఆకు ఒకటే, ఆకలి ఒకటే.

ఆ ఆకులలో కొన్నిటిని తెలుసుకోవాలి. తడి ఉన్న చోట, కాలువల ఒడ్డున పెరిగేది పొన్నగంటి కూర. కన్నడంలో దీనిని హొనగొన్నె సొప్పు అంటారు. ఆకుల మొదళ్ళలో తెల్లని చిన్న పూలు గుత్తులుగా ఉంటాయి. నేల మీద పాకుతూ, ఎర్రని కాడతో, దళసరి ఆకులతో, పసుపుపచ్చని పూలతో ఉండేది గంగవాయిలి. కన్నడంలో ఇది గోణి సొప్పు. దీని రుచి కొంచెం పులుపు. మెట్ట చేలలో కలుపుగా మొలిచే గునుగు లేతగా ఉన్నప్పుడు కూర, ముదిరితే పూవు. తెలంగాణలో బతుకమ్మను పేర్చేది ఆ పూవుతోనే. తెల్లని చిన్న పూలు పూసే తుమ్మి ఆకును వినాయక చవితినాడు వండుకొనే ఆచారం కొన్ని ప్రాంతాలలో ఉంది. వీటితోపాటు ముళ్ళతోటకూర, దొగ్గలి, అటికమామిడి, పులిచింత, కాశాకు కూడా విత్తకుండా వచ్చే కూరలే.

వర్షాకాలం గడిచి నేల ఎండిన తరువాత ఈ చిన్న మొక్కలు కనబడవు. అప్పుడు చెట్ల వంతు వస్తుంది. ఫాల్గుణంలో ఆకు రాల్చిన చెట్లు చైత్రానికి చిగురిస్తాయి. వసంత రుతువులో చింతచెట్టు ఎర్రని లేత చిగురు వేస్తుంది. చింతపండు అవసరం లేకుండానే పప్పుకు పులుపు ఇచ్చేది చింతచిగురు. మునగచెట్టు ఆకును, పూవును, కాయను మూడింటినీ ఇస్తుంది. వేప పూత ఉగాది పచ్చడికి చేదును అందిస్తుంది. కొత్త ఏడాదిని కొనని పూవుతో, నాటని చిగురుతో ఆరంభించడం మన పండుగలోని విశేషం. ఈ అలవాటు మనకొక్కరికే చెందినది కాదు. జపాను దేశంలో జనవరి 7వ తేదీన ఏడు రకాల లేత ఆకులను బియ్యపు జావలో వేసి తింటారు. గ్రీసు దేశస్థులు కొండలమీద దొరికే ఆకులను ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం కలుపుకొని తింటారు.

పేదవాని కూర అని వీటిని తక్కువగా చూడరాదు. ముదురాకుపచ్చని ఆకులలో ఇనుము, సున్నం, విటమిన్ ‘ఎ’గా మారే పదార్థం సమృద్ధిగా ఉంటాయి. కంటిచూపుకు, రక్తపుష్టికి ఇవి అవసరం. చేపలలో ఉండే మేలైన కొవ్వు జాతికి చెందిన ఒక కొవ్వు ఆమ్లం గంగవాయిలి ఆకులో ఉన్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కూరలో నిమ్మరసం పిండుకొంటే ఆకులోని ఇనుము శరీరానికి మరింతగా పడుతుంది. అయితే కొన్ని ఆకులలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. అందుకే ఒకే ఆకును ప్రతిరోజూ తినక, మార్చి మార్చి తినడం మంచిది. మూత్రపిండాలలో రాళ్ళున్నవారు వైద్యుని సలహా పొందాలి. పది ఆకులు కలిపి వండిన మన పెద్దల పద్ధతిలో ఈ వివేకం కనబడుతుంది.

ఇక పుట్టగొడుగుల సంగతి వేరు. పుట్టగొడుగు మొక్క కాదు. దానికి పత్రహరితం లేదు, తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేదు. అది శిలీంధ్రాల జాతికి చెందినది. నేలలో దారాల వలె అల్లుకొని ఉండే శిలీంధ్రానికి పైకి కనబడే గొడుగు పండు వంటిది. ‘పుట్టగొడుగు’ అన్న పేరులోనే ఒక శాస్త్ర సత్యం దాగి ఉంది. కొన్ని జాతుల చెదపురుగులు నమిలిన ఆకులను, పుల్లలను పుట్టలోపలికి చేర్చి, తేనెపట్టు వంటి అరలు కట్టి, వాటి మీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెదలు తమంతట జీర్ణం చేసుకోలేని కట్టెను శిలీంధ్రం మెత్తబరుస్తుంది. ఆ శిలీంధ్రాన్ని, అది మెత్తబరచిన పదార్థాన్ని చెదలు తింటాయి. ఈ సహజీవనం సుమారు 3 కోట్ల ఏళ్ళనాటిదని శాస్త్రజ్ఞుల అంచనా. మనిషికన్న ఎంతో ముందే చెదపురుగు సేద్యం చేసింది! వానలకు నేల నానగానే ఆ శిలీంధ్రం మట్టిని చీల్చుకొని గొడుగుగా పైకి వస్తుంది. వేరువంటి పొడవైన కాడ లోపలి అరలదాకా ఉంటుంది. ఈ జాతి పుట్టగొడుగులను పండించడం మనిషికి నేటికీ చేతకాలేదు. ఆఫ్రికాలోని జాంబియా దేశంలో దొరికే ఈ జాతి గొడుగు ఒకటి మీటరు వెడల్పుదాకా పెరుగుతుంది.

పుట్టగొడుగులలో తినదగినవి ఉన్నట్లే ప్రాణం తీసేవీ ఉన్నాయి. రెండూ ఒకే వానకు పుడతాయి. పైకి చూడటానికి రెండూ ఒకలాగే ఉండవచ్చు. 2022 ఏప్రిల్ నెలలో అస్సాంలో అడవి పుట్టగొడుగులను తిని 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటలలో పనిచేసే పేద కుటుంబాలవారు. తెలిసిన కూరే అనుకొని వండుకొన్నారు. పిల్లలకు కూడా పెట్టారు.

ఈ విషయంలో లోకంలో చెలామణిలో ఉన్న నమ్మకాలు చాలా ప్రమాదకరం. కూరలో వెండి నాణెం వేస్తే నల్లబడనిది మంచి పుట్టగొడుగని కొందరు అంటారు. అది నిజం కాదు. పురుగు కొరికినది, పశువు తిన్నది మనిషికి కూడా మంచిదని మరికొందరు అంటారు. అదీ నిజం కాదు. బాగా ఉడికిస్తే విషం పోతుందనే మాట అన్నిటికన్న అపాయకరం. ప్రాణాంతకమైన పుట్టగొడుగులలోని విషం ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. ఆ విషం వెంటనే బయటపడదు. తిన్న 6 గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు 12 గంటలు దాటిన తరువాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మరునాటికి అవి తగ్గి రోగి కోలుకొన్నట్లు కనబడతాడు. కాని లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. అందుచేత అనుమానం కలిగిన క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన పుట్టగొడుగు ముక్కను కూడా వెంట తీసుకొని వెళ్ళాలి. విషమేదో గుర్తించడానికి అది వైద్యునికి తోడ్పడుతుంది. పుట్టగొడుగులపై ఇష్టం ఉన్నవారు అంగడిలో దొరికే పెంపుడు రకాలనే తినడం క్షేమం. వరిగడ్డి మీద వాటిని ఇంటిలోనే పెంచుకోవచ్చు కూడా.

ఆకుల విషయంలో కూడా ఏమరుపాటు పనికిరాదు. ఉమ్మెత్త లేత మొక్క కూరాకుల నడుమ మొలిచి, తొందరలో ఒడిలో పడవచ్చు. దానిని తింటే నోరు ఎండిపోయి, కనుపాపలు పెద్దవై, మతి చలిస్తుంది. గంగవాయిలి వలె నేల మీద పాకే మరికొన్ని మొక్కలు ఉన్నాయి. వాటిని తుంచితే పాలు కారుతాయి. అవి కూరకు పనికిరావు. గంగవాయిలిని తుంచితే పాలు రావు. కాశాకును బాగా ఉడికించి తినవచ్చు, కాని దాని పచ్చికాయలు హాని చేస్తాయి. అందుకే పల్లెలలో అవ్వలు ఆకును ఒక్క చూపుతో తేల్చరు. ఆకు పైభాగం, అడుగుభాగం చూస్తారు. నలిపి వాసన చూస్తారు. కాడను తుంచి పాలు వస్తాయేమో చూస్తారు. ఏ నేలలో, ఏ కార్తెలో మొలిచిందో ఆలోచిస్తారు. “అవ్వా, ఇది తినేదేనా?” అని మనవరాలు అడిగితే, “తెలిసిన ఆకైతే కోసుకో, తెలియకపోతే చేయి పెట్టకు” అన్నదే వారి మొదటి పాఠం. “వేరుతో పీకకు, కొన గిల్లుకో. మళ్ళీ వానకు మనకే వస్తుంది” అన్నది రెండవ పాఠం.

ఈ పాఠం చెప్పే అవ్వలు నేడు కూడా ఉన్నారు. కాని చూపించడానికి చేను ఏది? 1970వ దశకం చివర హెబ్బగోడికి సమీపంలో ఎలక్ట్రానిక్ సిటీ ఏర్పడింది. పక్కనే బొమ్మసంద్ర పారిశ్రామిక వాడ పెరిగింది. కర్మాగారాలు, కార్యాలయాలు, ఎత్తైన భవనాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. నిజమైన పుట్టగొడుగులకు చోటు లేకపోయింది. 2025 ఆగస్టులో మెట్రో రైలు కూడా హెబ్బగోడికి చేరింది. వేలమందికి ఉపాధి, ప్రయాణ సౌకర్యం లభించాయి. అది మంచిదే. అయితే రాగి చేలు తగ్గిపోయాయి. మిగిలిన ఖాళీ స్థలాలను వయ్యారిభామ మొక్క ఆక్రమించింది. 1950వ దశకంలో అమెరికా గోధుమలతో కలిసి మన దేశానికి వచ్చిందని చెప్పే ఈ కలుపు తన చుట్టూ మరో మొక్కను పెరగనీయదు. తాకితే కొందరికి దురదలు, పీల్చితే ఉబ్బసం వస్తాయి.

చెరువు ఒడ్డున ఇప్పటికీ పొన్నగంటి పచ్చగా పెరుగుతుంది. దానిని కోయవచ్చునా? ఇక్కడ పెద్దల విద్యకు కొత్త విద్య తోడు కావాలి. నగరం పెరిగినకొద్దీ హెబ్బగోడి చెరువులోకి మురుగునీరు చేరింది. ఆ నీటిని శుభ్రపరచడానికి 2010వ దశకంలో నీటిపై తేలే తెప్పలు కట్టి, వాటిపై మొక్కలను పెంచారు. వాటి వేర్లు నీటిలోని మలినాలను పీల్చుకొంటాయి. మొక్క నీటిని శుద్ధి చేయగలదంటే, నీటిలోని మలినం మొక్కలోకి చేరుతుందనే కదా అర్థం! మురుగునీటిలో సీసం, కాడ్మియం వంటి లోహాలు ఉంటే అవి ఆకులోకి కూడా ఎక్కుతాయి. ఎంత కడిగినా, ఎంత ఉడికించినా అవి పోవు. కాబట్టి మురుగు పారే చోట, కర్మాగారాల పక్కన, వాహనాలు తిరిగే రహదారి అంచున, కలుపు మందు చల్లిన నేలలో ఎంత నవనవలాడే ఆకైనా కోయరాదు. అవ్వ ఆకును గుర్తుపడుతుంది. ఆ ఆకు మొలిచిన నీటి సంగతి చదువుకొన్న మనవరాలు చెప్పాలి. ఇద్దరి తెలివీ కలిస్తేనే ఆ కూర క్షేమం.

అడవికి పోయి కోయవచ్చునని అనుకోరాదు. ఆనేకల్ తాలూకాలోనే ఉన్న బన్నేరుఘట్ట 1974లో జాతీయోద్యానం అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి చోట అనుమతి లేకుండా ఆకును కూడా తీసుకొని రాకూడదు. అడవినే నమ్ముకొని జీవించే గిరిజనుల హక్కులను 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం గుర్తించింది.

ఈ విద్య అంతరించవలసిందేనా? కాదని తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు నిరూపించారు. అక్కడి పస్తాపూర్ గ్రామం కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. దాని సంఘాలలోని స్త్రీలలో ఎక్కువమంది దళిత కుటుంబాలకు చెందిన చిన్న రైతులు. వారు వాన నీటిపై ఆధారపడి, రసాయనాలు వాడకుండా, ఒకే చేలో జొన్న, సజ్జ, కంది, అనుములు వంటి అనేక పంటలను కలిపి పండిస్తారు. కలుపు మందు చల్లరు కనుక గునుగు, తుమ్మి, గంగవాయిలి, దొగ్గలి వారి చేలలో బతికి ఉన్నాయి. వారి దృష్టిలో అవి కలుపు మొక్కలు కావు, ‘సాగు చేయని ఆకుకూరలు’. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలను అలంకరించి, ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర జరుపుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ స్త్రీల సంఘాలకు లభించింది. బడికి పోని ఎందరో స్త్రీల తెలివిని ప్రపంచం గౌరవించింది.

హెబ్బగోడిలో జహీరాబాదు వలె విశాలమైన చేలు లేకపోవచ్చు. మిద్దె మీద రెండు కుండీలు ఉంటే చాలు. శుభ్రమైన మట్టిలో పొన్నగంటి కాడ ఒకటి గుచ్చితే వేరు పట్టుకొంటుంది. గంగవాయిలి విత్తనం ఒకసారి రాలితే మరుసటి వానకు తిరిగి మొలుస్తుంది. బడి ఆవరణలో ఒక మునగచెట్టు పెంచితే మునగాకు ఏడాది పొడుగునా అందరికీ అందుతుంది. పోషకాహారానికి ఇంతకన్న చవకైన మార్గం లేదు. దానికన్న ముఖ్యమైనది పేర్లను కాపాడుకోవడం. పేరు మరచిపోయిన ఆకు, కళ్ళెదుట ఉన్నా కనబడని ఆకే. అవ్వకు తెలిసిన పేర్లు మనవలకు తెలిసినంతవరకు విత్తని ఆ పంట నిలిచి ఉంటుంది.

పదాలు – అర్థాలు

బీడు = సాగులో లేని భూమి
ఆకులు అలములు = తినదగిన, సాధారణమైన ఆకులు
గాదె = ధాన్యం నిలువ చేసే చోటు
దోకుడుపార = కలుపు తీసే పనిముట్టు
ఎనుపు = మెత్తగా అగునట్లు మెదుపు
సంగటి = రాగిపిండితో వండిన ముద్ద
పత్రహరితం = ఆకులకు పచ్చదనాన్ని ఇచ్చే పదార్థం
శిలీంధ్రం = పుట్టగొడుగు, బూజు మొదలైన జాతి
ఏమరుపాటు = అజాగ్రత్త
కార్తె = సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే సుమారు రెండు వారాల కాలం

అభ్యాసం

అ) ఈ ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. ‘బతికుంటే బలుసాకు తినవచ్చు’ అన్న సామెత ఎటువంటి అనుభవంనుంచి పుట్టింది?
2. బెరకె సొప్పును ఎలా వండుతారు?
3. పుట్టగొడుగుకు ఆ పేరు ఎందుకు తగినది?
4. జహీరాబాదు స్త్రీలు కలుపు మందు చల్లకపోవడం వల్ల కలిగిన లాభం ఏమిటి?

ఆ) ఈ ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. పుట్టగొడుగుల గురించి లోకంలో ఉన్న తప్పుడు నమ్మకాలు ఏవి? అవి ఎందుకు ప్రమాదకరం?
2. ‘అవ్వ తెలివీ, మనవరాలి చదువూ కలిస్తేనే కూర క్షేమం’ – ఈ మాటను హెబ్బగోడి చెరువు ఉదాహరణతో వివరించండి.

ఇ) విడదీసి, సంధి పేరు రాయండి.
బలుసాకు, మునగాకు, పోషకాహారం

ఈ) విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
చింతచిగురు, వేపపూత, రాగి చేలు

ఉ) సొంత వాక్యాలలో ప్రయోగించండి.
పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చు, కడుపు మాడు, చేయి పెట్టు, కళ్ళెదుట

ఊ) చేసి చూడండి.
మీ ఇంటిలోని పెద్దలను అడిగి, వారు చిన్ననాట తిన్న సాగు చేయని ఆకుకూరల పేర్లను తెలుగులోను, కన్నడంలోను రాయండి. అవి ఏ కాలంలో, ఎక్కడ దొరికేవో, ఇప్పుడు అక్కడ ఏమున్నదో ఎదురుగా నమోదు చేయండి. పెద్దలు తోడు లేకుండా ఏ ఆకునూ, ఏ పుట్టగొడుగునూ కోయవద్దు, రుచి చూడవద్దు.